మూడు మంచి మాటలు, ఒక లోటు

సీసాల మేడమ్ వంటగదిలోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్లు, మందుల షాపులోకి గానీ వచ్చామా అని ఒక్క క్షణం తడబడతారు. ఉప్పు, కారం, పంచదార, టీపొడి, అన్నీ ఒకే ఎత్తు గాజు సీసాల్లో ఒకే వరసలో నిలబడి ఉంటాయి. ప్రతి సీసా మీదా కాగితం ముక్క, దాని మీద పేరు, నింపిన తేదీ. ఆవిడ యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెబుతుంది. చేతులు కడుక్కుంటే వదిలిపోయే చదువు కాదు ఆవిడది, ఇంటిదాకా వెంట వచ్చింది. వీధిలో ఆవిడ అసలు పేరు పోస్ట్‌మాన్‌కి తప్ప ఎవరికీ గుర్తు లేదు. పాలవాడి దగ్గర్నుంచి ఇస్త్రీ చేసేవాడి దాకా అందరికీ సీసాల మేడమే.

ఇంట్లో ఉండేది ఇద్దరు ఆడవాళ్లు. మేడమ్, ఆవిడ వదిన. భర్త ఉద్యోగం పొరుగూళ్లో, ఆదివారం పొద్దున వచ్చి సాయంత్రం బస్సెక్కేస్తాడు. వదిన అంటే ఆయన అక్క. తన సంసారం ముగిసిపోయాక తమ్ముడింటికి వచ్చి, ఈ ఇల్లు తను లేకపోతే నడవదని అందరినీ నమ్మించి, చివరికి తనూ నమ్మేసిన మనిషి. నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. వదినా మరదళ్లు రోజంతా కోడిపుంజుల్లా కయ్యానికి కాలు దువ్వుకుంటారు, పొద్దుగూకితే ఒకరి కాళ్లకు ఒకరు నూనె రాసుకుంటారు.

మేడమ్ పాఠం చెప్పే పద్ధతి ఊరందరికీ తెలిసిందే. చెయ్యి చేసేది నోరు పైకి చెప్పాలి. సీసా తీస్తే "సీసా తీశాను" అనాలి, మూత విప్పితే "మూత విప్పాను" అనాలి. ఆవిడ ఒకసారి అంటే పిల్లలందరూ ఒక్క గొంతుతో తిరిగి అనాలి. అన్నాకే ముట్టుకోవాలి. పక్క డిపార్ట్‌మెంట్లవాళ్లు ఎక్కాలు చదువుతున్నారని వెక్కిరించేవారు. ఆవిడ పట్టించుకునేది కాదు. ఆవిడ చదువుకునే రోజుల్లో పక్క బల్ల దగ్గర నిలబడిన పిల్ల ఏదో పరధ్యానంలో గాఢమైన యాసిడ్‌లోకి నీళ్లు వంపింది. అది భగ్గున మరిగి మొహం మీదికి చిమ్మింది. ఆ పిల్ల కుడి కన్ను మళ్లీ వెలుగు చూడలేదు. ఆ కేక మేడమ్ చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. అందుకే తన క్లాసులో మొట్టమొదటి పాఠం ఎప్పుడూ అదే: ముందు నీళ్లు, తర్వాత యాసిడ్, అదీ బొట్టు బొట్టుగా.

ఆ పాఠానికి ఒక కథ కూడా ఉంది. "నీళ్లు అత్తారిల్లు. యాసిడ్ కొత్త కోడలు. కోడలు నిదానంగా ఒక్కో అడుగే వేసుకుంటూ అత్తారింట్లోకి వస్తే సర్దుకుపోతుంది. అత్తారిల్లంతా కట్టగట్టుకుని వచ్చి కోడలి మీద పడితే ఏమవుతుంది?" అని అడిగి, కళ్లు పెద్దవి చేసి, "మొహం మీదికొస్తుంది!" అనేది. పిల్లలు గొల్లుమనేవారు. ఇంట్లో ఈ కథ చెప్పినప్పుడు వదిన మూతి తిప్పుకుంది.

"అత్తారిల్లు సరే, కోడలు సరే. మరి ఆడపడుచుని ఏ సీసాలో పోస్తావ్?"

"ఆడపడుచుకి సీసా చాలదు వదినా, పీపా కావాలి."

అన్నేళ్ల సర్వీసులో మేడమ్ క్లాసులో ఒక్క పిల్లకీ ఒక్క పిల్లాడికీ చిటికెన వేలు కూడా కాలలేదు. ఆవిడకి ఉన్న గర్వం అదొక్కటే. ఆవిడకి ఉన్న కోరికా ఒక్కటే. డిపార్ట్‌మెంట్ వెనక కొత్తగా కట్టిన ల్యాబు. మొదటి ఏడాది పిల్లలంతా అందులోనే చేరతారు. యాసిడ్ సీసా ఎలా ఉంటుందో కూడా ఎరగని పిల్లలు. ఒక్క సెక్షన్ కాదు, వాళ్లందరినీ తన చేతుల్లో పెట్టాలని ఆవిడ ఎన్నాళ్లుగానో అడుగుతోంది. డిపార్ట్‌మెంట్ హెడ్డుగారు సరేనన్నారు. యాసిడ్ బీరువా తాళంచెవి కూడా ముందే ఇచ్చేశారు. ఆవిడ దానికి నీలం దారం కట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. ఒక్క మెలిక మాత్రం మిగిలింది. పెద్ద బాధ్యతలు అందుకునే ప్రతి లెక్చరరూ కొత్తగా పెట్టిన శిక్షణా కేంద్రంలో బోధన శిక్షణ పూర్తి చెయ్యాలి.

"నీకు పాఠం చెప్పడం నేర్పుతారా?" అంది వదిన, నోట్లో టీ నోట్లోనే ఉంచుకుని. "ఎవరే ఆ మొనగాడు?"

"కుర్రాడు వదినా. కెమెరా పెట్టి మన పాఠం మనకే చూపిస్తాడట."

"మన మొహం మనకి చూపించడానికి ఇంట్లో అద్దం లేదూ?"

మేడమ్ నవ్వింది. వదిన నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టి, పొయ్యి మీది కూర వంక చూసి, ఉప్పు సీసా మూత మీద స్పూను అడ్డంగా పెట్టింది. ఈ మధ్య ఆవిడకి ఇదొక అలవాటైంది. సీసా మీద స్పూను వదిలేయకండని మేడమ్ ఎన్నిసార్లు చెప్పినా వినదు.

శిక్షణా కేంద్రం పాత లైబ్రరీ మేడ మీద ఉంది. అంతకుముందు అది విరిగిన కుర్చీలు పడేసే గది. కిటికీలకు నల్ల తెరలు కట్టారు, గోడకి తెల్ల తెర దించారు. లోపల అడుగుపెడితే మాట తిరిగి మాట్లాడినవాళ్ల దగ్గరికే వస్తున్నట్టు ఉండేది. శిక్షణ ఇచ్చే కుర్రాడు మెత్తగా మాట్లాడే మనిషి. లెక్చరర్లంతా అతనికి మొదటిరోజే కెమెరా పంతులని పేరు పెట్టేశారు. అతను ఒక పద్ధతి చెప్పాడు. ప్రతి లెక్చరర్‌కీ ఒక జోడీ. ఒకరి పాఠం రికార్డు చేస్తే దాన్ని ముందు జోడీ మనిషి చూడాలి. చూసి, ఎదురుగా కూర్చుని మూడు మంచి మాటలు చెప్పాలి. ఆ తర్వాతే ఒక లోటు. ఆ తర్వాతే పాఠం చెప్పినవాళ్లు తమ రికార్డు తాము చూసుకోవచ్చు.

"మూడు మంచి మాటలు చెప్పకుండా లోటు ఎత్తకూడదు. అదే మన నియమం," అన్నాడు కెమెరా పంతులు.

"మా ఇంటికొచ్చి మా ఆవిడకి కూడా ఈ నియమం కాస్త నేర్పించవయ్యా, పుణ్యం ఉంటుంది," అన్నారు వెనక వరసలోంచి ఫిజిక్స్ మాస్టారు. గదంతా నవ్వింది.

మేడమ్‌కి జోడీగా పడింది ఆయనే. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరినవాళ్లు. ఆయన వేళాకోళం మనిషి, రిటైర్మెంట్ దగ్గరపడినా వేళాకోళం ముదిరిందే గానీ తగ్గలేదు. మేడమ్ పాఠాన్ని ల్యాబ్‌లో రెండు కెమెరాలు పెట్టి తీశారు. ఒకటి వెనక గోడ దగ్గర్నుంచి ఆవిడనీ బోర్డునీ చూస్తుంది, ఇంకొకటి బోర్డు పక్కనుంచి పిల్లల్ని చూస్తుంది. ఆవిడ ఎప్పటిలాగే అత్తారిల్లు, కోడలు కథ చెప్పింది. పిల్లలు నవ్వారు. పాఠం బాగా కుదిరిందని ఆవిడకి తృప్తిగా ఉంది.

మాస్టారు రికార్డు చూసి వచ్చిన రోజు మాత్రం ఆయన మొహం ఆయనది కాదు. ఎదురు కుర్చీలో కూర్చుని కళ్లద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు.

"మొదటి మంచి మాట. మీ గొంతు చివరి బెంచీ దాకా ఖంగుమంటుంది మేడమ్. మైకు అక్కర్లేదు."

"అది మా వదిన పుణ్యం మాస్టారూ. ఆవిడ మీద అరిచీ అరిచీ వచ్చింది."

ఆయన నవ్వలేదు. మేడమ్‌కి మొదటిసారి ఏదో తేడాగా తోచింది. తన మాటకి ఆయన మాట తగిలించకుండా ఊరుకోవడం ఆవిడ ఇన్నేళ్లలో ఎన్నడూ చూడలేదు. రెండో మంచి మాట కోసం ఆయన తను ఉద్యోగంలో చేరిన రోజు దగ్గర మొదలుపెట్టారు. మూడో మంచి మాటకి ఏకంగా తన పెద్దకూతురి చదువులోకి వెళ్లారు. ఆ అమ్మాయి మేడమ్ దగ్గర ఎలా నేర్చుకుంది, ఇప్పుడు ఎంత నిదానంగా పనిచేస్తుంది, అంతా చెప్పారు. చెబుతున్నంతసేపూ గోడ మీద గడియారం వంకే చూస్తున్నారు. గంట కొట్టేశారు. మాస్టారు చటుక్కున లేచారు.

"మరి లోటు?" అంది మేడమ్.

"సమయం అయిపోయింది కదండీ."

"ఒక్క మాటే కదా."

ఆయన గుమ్మం దగ్గర ఆగారు. వెనక్కి తిరగకుండానే, "రికార్డు చూడకపోయినా ఏం పర్లేదు మేడమ్. నేను సంతకం పెట్టేశాను. ల్యాబు మీదే," అని వెళ్లిపోయారు.

చూడొద్దంటే ఊరుకునే మనిషా మేడమ్! అసలు జుట్టు ఎలా ఉందో చూసుకుందామనే అనుకుంది గానీ, ఆ మాటతో గుండెల్లో చిన్న ముల్లు దిగింది. కెమెరా పంతుల్ని అడిగి ఆ నల్ల తెరల గదిలో ఒక్కర్తే కూర్చుంది. తెర మీద తను వచ్చింది. బల్ల మీద గాజు గ్లాసులు సర్దింది. కోడలు కథ చెప్పింది. పిల్లలు గొల్లున నవ్వారు. బోర్డు వైపు తిరిగి సమీకరణం రాసింది. చెయ్యి దులుపుకుని పిల్లల వైపు తిరిగింది. కథ మళ్లీ మొదలుపెట్టింది.

"నీళ్లు అత్తారిల్లు. యాసిడ్ కొత్త కోడలు."

"ఏవయ్యా, రికార్డు వెనక్కి వెళ్లింది, సరిచెయ్యి," అని మేడమ్ కేకేసింది.

కెమెరా పంతులు లోపలికి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఏమీ సరిచెయ్యలేదు. "బోర్డు చూడండి మేడమ్," అన్నాడు, అతి మెల్లగా.

మేడమ్ చూసింది. తెర మీద తను మళ్లీ బోర్డు వైపు తిరిగింది. అక్కడ సమీకరణం అప్పటికే ఉంది. తను దాని కిందే, అదే సమీకరణం, అదే గుండ్రటి అక్షరాలతో ఇంకోసారి రాసింది.

మేడమ్ కుర్చీ ముందుకు జరుపుకుంది. "పిల్లల వైపు పెట్టు," అంది.

పిల్లల వైపు తీసిన రికార్డు పెట్టాడు. మొదటిసారి కథ చెబుతుంటే పిల్లలు అటూ ఇటూ కదులుతున్నారు, ఒకడు ఆవలించాడు, ముందు బెంచీలో పసుపు చొక్కా అమ్మాయి గబగబా రాసుకుంటోంది. తను బోర్డు వైపు నుంచి తిరిగి నోరు తెరిచిన క్షణంలో పసుపు చొక్కా అమ్మాయి పెన్ను కింద పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది. ఆ వెంటనే పక్కవాడు పెట్టాడు. వెనక బెంచీలు పెట్టాయి. గదిలో ఒక్క పెన్ను కూడా చేతిలో లేదు. అందరూ చేతులు కట్టుకుని ఆవిడ వంక ఎంతో శ్రద్ధగా చూస్తున్నారు. "మొహం మీదికొస్తుంది!" అని తను అంది. అందరూ నవ్వారు. అదే చోట, అంతే గట్టిగా, అంతసేపే.

మేడమ్‌ని వణికించింది ఆ నవ్వే. పిల్లలు వెక్కిరించి ఉంటే ఇంత భయం వేసేది కాదు. చెవులు పట్టి మెలిపెట్టేది. ఆ నవ్వులో వెక్కిరింత లేదు. ఎవరూ ఎవరి వంకా చూసుకోలేదు, ఎవరూ ఆశ్చర్యపోలేదు. బాగా అలవాటైన నవ్వు అది. అలవాటు కావాలంటే ఎన్నిసార్లు నవ్వి ఉండాలి?

కెమెరా పంతులు లైటు వేశాడు. "ఈ రికార్డు మేం ఎవరికీ చూపించం మేడమ్. మాస్టారుగారు కూడా..."

"ఏమీ చెప్పకు నాయనా," అంది మేడమ్. "నువ్వు కూడా మంచి మాటలు మొదలుపెట్టకు."

ఇంటికి వచ్చేసరికి వదిన కూర కలుపుతోంది. ఉప్పు సీసా మూత మీద స్పూను అడ్డంగా ఉంది. మేడమ్ చెప్పులు కూడా విప్పకుండా వంటగది గుమ్మంలో నిలబడి ఆ స్పూను వంక చూసింది. ఎన్నాళ్లుగానో చూస్తున్న స్పూనే. ఇవాళ దాని వంక చూస్తుంటే, ముందు బెంచీలో కింద పెట్టిన పెన్ను కనిపించింది.

"వదినా. ఆ స్పూను దేనికి?"

"స్పూనా? ఊరికే."

"మీరు ఊరికే చేసే పని ఒక్కటి చెప్పండి."

వదిన గరిటె ఆపింది. పొయ్యి కట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఉప్పు పడిందంటే స్పూను పెడతాను. స్పూను ఉంటే నువ్వు సీసా ముట్టవు. అంతే."

"ఎప్పట్నుంచి?"

"వానలు మొదలైన కాడ్నుంచి. రెండుసార్లు కూర నోట్లో పెట్టుకోలేకపోయాం. నువ్వు నా మీద అరిచావు, నేనే వేశానని. నేను కూడా అవునేమోలే అనుకున్నాను. మూడోసారి పక్కనే నిలబడి చూశాను."

"చూసి?"

"చూసి, ఏమంటాను? పారబోసి మళ్లీ వండాను."

"మీ తమ్ముడికి చెప్పారా?"

"వాడికి చెబితే మర్నాడే నిన్ను డాక్టరు దగ్గరికి లాక్కుపోతాడు. నువ్వేమో ఆ కొత్త ల్యాబు కోసం కళ్లు కాయలు కాసేలా చూస్తున్నావు. అది చేతికొచ్చేదాకా ఆగుదామని..." వదిన అంతలోనే కసిరింది. "ఉప్పే కదే! ఉప్పు ఎక్కువైతే చచ్చిపోతామా ఏంటి?"

ఉప్పుకైతే ఏమీ కాదు. మేడమ్ మనసు ఉప్పు సీసా మీద లేదు. హ్యాండ్‌బ్యాగులో నీలం దారం కట్టిన తాళంచెవి మీద ఉంది.

మర్నాడు క్లాసు అయ్యాక పసుపు చొక్కా అమ్మాయిని ఆగమంది. ఆ అమ్మాయి ఇవాళ వేరే చొక్కాలో ఉంది గానీ మేడమ్‌కి ఇక ఎప్పటికీ అది పసుపు చొక్కా అమ్మాయే. తలుపు వేసి ఇద్దరూ బల్లకి చెరోవైపు కూర్చున్నారు.

"పెన్నులు కింద పెట్టాలని ఎవరు నేర్పారమ్మా?"

అమ్మాయి మొహం పాలిపోయింది. "ఎవరూ నేర్పలేదు మేడమ్. మొదట్లో రాసుకునేవాళ్లం. రెండుసార్లు రాస్తే పుస్తకం అయిపోతోందని ఒకరు ఆపారు. తర్వాత అందరం ఆపేశాం."

"నవ్వడం?"

"నవ్వకపోతే మీరు మళ్లీ చెబుతున్నారు మేడమ్. మాకు అర్థం కాలేదనుకుని."

మేడమ్ చేతి వేళ్లు బల్ల అంచుని పట్టుకున్నాయి. అసలు అడగవలసిన మాట ఇంకా అడగలేదు. "రెండోసారి చెప్పడం సరే. ఎప్పుడైనా తప్పు చెప్పానా?"

అమ్మాయి తల దించుకుంది.

"నీకు దండం పెడతాను, చెప్పు తల్లీ."

"ఒక్కసారి మేడమ్. ముందు యాసిడ్, తర్వాత నీళ్లు అన్నారు."

"మీరేం చేశారు?"

"మీ వెంటే అన్నాం. అందరం. ముందు యాసిడ్, తర్వాత నీళ్లు అని." ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంది. "కానీ ఎవరం పొయ్యలేదు మేడమ్! గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడ్డాం. మాకు తెలుసు కదా. మొదటి ఏడాదిలో మీరే నేర్పారు కదా. మీరు అటు తిరగ్గానే మామూలుగా చేసేశాం. మీకు బాధ కలుగుతుందని..."

"మంచి పని చేశారు," అంది మేడమ్. ఆ గొంతు ఆవిడకే పరాయిగా వినిపించింది.

ఇన్నేళ్లూ ఆవిడ పిల్లలకు పెట్టిన అలవాటు అది. మేడమ్ అంటే తామూ అనాలి, అన్నది చెయ్యాలి. వీళ్లు అన్నారు గానీ చెయ్యలేదు, ఎందుకంటే వీళ్లకి తను పాత. కొత్త ల్యాబ్‌లోకి రేపు వచ్చే పిల్లలకి తను కొత్త. వాళ్లకి పెన్ను కింద పెట్టడం తెలియదు. మేడమ్ నోటివెంట ఏది వస్తే అది ఒక్క గొంతుతో అంటారు, ఒక్క చేతితో పోస్తారు. ల్యాబ్ నిండా పిల్లలు, ఒకేసారి, గ్లాసుల మీదికి మొహాలు వంచి. చదువుకునే రోజుల నాటి ఆ కేక చెవుల్లో మళ్లీ మొదలైంది. ఈసారి అది ఒక్క గొంతు కాదు.

ఆ తర్వాత మేడమ్ లైబ్రరీ వెనక మెట్ల మీద కూర్చుంది. ఎండ మెట్ల మీదినుంచి గోడ మీదికి పాకడం చూసింది. ఇంటి సందు మొదట్లోకి వచ్చేసరికి వీధి దీపాలు వెలిగి ఉన్నాయి, వదిన గేటు పట్టుకుని నిలబడి ఉంది.

"ఎక్కడ ఉండిపోయావే ఇంతసేపూ? నా గుండె నోట్లోకొచ్చింది!"

"మెట్ల మీద కూర్చున్నాను వదినా."

"పొద్దుగూకేదాకా మెట్ల మీదేనా?"

"అక్కడే." అలా అంటుండగా ఆవిడకి ఎండ గోడ మీదికి పాకడం గుర్తొచ్చింది, వీధి దీపం గుర్తొచ్చింది. మధ్యలో ఏముందో వెతకబోయి, అలసిపోయి, మానేసింది. "వదినా, ల్యాబు వద్దని చెప్పేస్తాను. ఆదివారం మీ తమ్ముడు రాగానే డాక్టరు దగ్గరికి వెళ్తాను."

వదిన మరదలి చేతిలోంచి బ్యాగు లాక్కుంది. "ముందు లోపలికి తగలడు. చలిగాలి."

మర్నాడు పొద్దున్నే మేడమ్ జుట్టు నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, దారంతా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటూ వెళ్లింది. హెడ్డుగారి గదిలో ఎప్పుడూ ఉండే పాత కాగితాల వాసన, ఫ్యాను కిర్రుమనే చప్పుడు. ఆయన ఏదో రాసుకుంటున్నారు. ఆవిణ్ని చూసి కూర్చోమన్నారు.

"సార్, శిక్షణలో ఒక నియమం నేర్పారు. మూడు మంచి మాటలు, ఒక లోటు. నా జోడీ మాస్టారు లోటు దాకా రాలేకపోయారు. ఆయన తప్పు కాదు. మంచి మనిషి. అందుకని నా గురించి నేనే చెప్పుకుంటాను, వినండి."

"చెప్పండి మేడమ్."

"నా గొంతు చివరి బెంచీ దాకా వినిపిస్తుంది. ఇది మొదటిది. నా చేతుల్లో ఇన్నేళ్లలో ఒక్క పిల్లకీ దెబ్బ తగల్లేదు. ఇది రెండోది. మూడోది..." ఆవిడ ఊపిరి తీసుకుంది. "మూడోది, ఈ పని అంటే నాకు ప్రాణం సార్. ఇక లోటు."

అప్పుడు హెడ్డుగారు పెన్ను కింద పెట్టారు.

చప్పుడు కాకుండా పెట్టారు. పెట్టి, చేతులు కట్టుకుని, ఎంతో శ్రద్ధగా ఆవిడ వంక చూశారు.

ఫ్యాను కిర్రుమంటోంది. మేడమ్ ఆ పెన్ను వంక, ఆయన మొహం వంక, మళ్లీ పెన్ను వంక చూసింది. ఆ చూపు ఆవిడకి తెలుసు. తెర మీద చూసింది.

"సార్. ఇది మీకు ఇదివరకే చెప్పానా?"

"నిన్న సాయంత్రం వచ్చారు మేడమ్. ఆ కుర్చీలోనే కూర్చున్నారు. కొత్త ల్యాబు వద్దన్నారు. మీ మాట ప్రకారం ఇవాళే వేరే ఆయనకి అప్పగిస్తున్నాం."

మేడమ్ గబుక్కున బ్యాగు తెరిచింది. "తాళంచెవి ఇవ్వాలి కదా సార్, తాళంచెవి ఇందులోనే..." అద్దం, రుమాలు, కళ్లజోడు పెట్టె, బస్సు టికెట్లు బల్ల మీదికి వచ్చాయి. తాళంచెవి లేదు. యాసిడ్ బీరువా తాళంచెవి. ఎక్కడ పడేసింది? ఎవరి చేతికి దొరికింది? కళ్లజోడు పెట్టె కింద పడింది.

హెడ్డుగారు సొరుగు తెరిచి, నీలం దారం కట్టిన తాళంచెవిని తీసి ఆవిడ ముందు పెట్టారు. "ఇది కూడా నిన్ననే ఇచ్చేశారు మేడమ్."

ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. ఆ ముడి తను వేసిందే, తన చేతి ముడే. బల్ల అవతల ఆయన చేతికి తను అందించడం మాత్రం ఎంత వెతికినా ఎక్కడా దొరకలేదు.

"రెండుసార్లూ ఒకేలా చెప్పానా సార్?"

"ఒకేలా. నిన్న మాత్రం మూడో మంచి మాట దగ్గర ఏడ్చారు. ఇవాళ ఏడవలేదు."

"అయితే నయమే." మేడమ్ ఒక్కొక్క వస్తువే బ్యాగులో పెట్టుకుంది. "రెండుసార్లు వచ్చినా నేను అదే అన్నానన్నమాట. సార్, రేపు మళ్లీ వస్తానేమో."

"రండి మేడమ్. మళ్లీ వింటాను."

"వద్దు!" ఆవిడ గొంతు చివరి బెంచీ దాకా వినిపించేలా లేచింది. "వినకండి. మొదటి మాట దగ్గరే ఆపేసి ఆ తాళంచెవి చూపించండి. నేను కథ చెబితే నవ్వకండి. ఆ పిల్లలకి కూడా చెప్పండి, నవ్వొద్దని. ఇన్నాళ్లూ మీరంతా నవ్వబట్టే నాకు తెలియలేదు."

తిరిగి వస్తుంటే కొత్త ల్యాబ్ కిటికీలోంచి పిల్లల గొంతులు వినిపించాయి. ఎవరో కొత్తాయన పొడిపొడిగా, కథలూ కోడళ్లూ లేకుండా చెబుతున్నాడు. మేడమ్ కిటికీ పక్కన గోడకి ఆనుకుని విన్నది. ముందు నీళ్లు. తర్వాత యాసిడ్. పిల్లలు సరిగ్గానే అన్నారు. ఆవిడ పెదాలు కూడా కదిలాయి, చప్పుడు మాత్రం బయటికి రానివ్వలేదు.

ఆ సాయంత్రం వదిన ఎంత మొత్తుకున్నా వినకుండా తనే వంట చేసింది. నోరు పైకి చెబుతూనే ఉంది. "మూత తీశాను. ఉప్పు వేశాను. మూత పెట్టాను. స్పూను పెట్టాను."

"బాగానే ఉంది సంబరం," అంది వదిన పీట మీద కూర్చుని. "ఇప్పుడు నేను కూడా నీ వెంట అనాలా?"

"అనండి వదినా. కానీ తప్పైతే అనకండి. గరిటెతో కొట్టండి."

"ఆ మాట ముందే అంటే ఎప్పుడో కొట్టేదాన్ని కదే," అని వదిన కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, ఉల్లిపాయల వంకతో కళ్లు తుడుచుకుంటూ పెరట్లోకి వెళ్లింది.

కూర ఉడుకుతోంది. మేడమ్ గిన్నెలు తుడిచి బోర్లించింది. కిటికీ రెక్క వేసింది. వెనక్కి తిరిగేసరికి ఉప్పు సీసా మూత మీద స్పూను అడ్డంగా ఉంది. ఆవిడ దాని వంక చాలాసేపు చూసింది. ఇది తను పెట్టిందా, వదిన పెట్టిందా? వదిన పెరట్లో ఉంది. కేకేసి అడగబోయింది.

నోరు తెరిచాక, అప్పటికే ఒకసారి అడిగి ఉంటానేమోనన్న అనుమానం వచ్చింది. తెరిచిన నోరు మెల్లగా మూసుకుని, స్పూను ఎక్కడిది అక్కడే ఉంచి, ఆవిడ పొయ్యి దగ్గర నిలబడిపోయింది.